సూడోగ్యాప్: ఆ ఎలక్ట్రాన్లు ఎటు పోయినట్టు?

తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లలకి 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కనిపెట్టిన కాపర్ ఆక్సైడ్ సూపర్‌కండక్టర్ల (చల్లబరిస్తే విద్యుత్ నిరోధం సున్నా అయ్యే పదార్థాల) సంగతి బాగానే తెలుసు, ఆ మరుసటి ఏడాదే ఇట్రియం ఉన్న అలాంటి పదార్థం 93 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అయిందనీ తెలుసు. సూడోగ్యాప్ అనగానే మాత్రం "అది ఇంకా తేలలేదంట సార్" అంటారు. తేలనిదే కదా ముందు చదవాల్సింది!

మామూలు సూపర్‌కండక్టర్‌లో గ్యాప్ (ఎలక్ట్రాన్లకి స్థితులే ఉండని శక్తి మేర) తెరుచుకోవడం, నిరోధం సున్నా కావడం ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరిగిపోతాయి. ఈ కాపర్ ఆక్సైడ్లలో మాత్రం డోపింగ్ (పదార్థాన్ని కాస్త మార్చి ఎలక్ట్రాన్లను తీసేయడం) తక్కువున్న నమూనాల్లో, నిరోధం సున్నా కావడానికి ఇంకా ఎంతో పైనుండగానే గ్యాప్ పాక్షికంగా కనిపిస్తుంది, అదే సూడోగ్యాప్. 1989లో ఎన్ఎంఆర్‌లో (పరమాణు కేంద్రకాల అయస్కాంత స్పందన చూసే కొలతలో) దీని జాడ దొరికింది. 1996లో, కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి కొట్టి కొలిచే ప్రయోగాల్లో దాని ఆకారమే బయటపడింది. రాగి-ఆక్సిజన్ బంధాల దిక్కున గ్యాప్ నిండుగా ఉంటుంది, కర్ణం వెంబడి అసలుండదు, అందుకే ఫెర్మీ ఉపరితలం (ఎలక్ట్రాన్లు నిండిన, నిండని స్థితుల మధ్య సరిహద్దు) మూసుకోకుండా నాలుగు చాపాలుగా తెగిపోతుంది. మామూలు లోహాల లెక్కలో దీనికి చోటే లేదు.

ఎలక్ట్రాన్లు పై ఉష్ణోగ్రతలోనే జతలు కట్టేశాయి, ఆ జతల మధ్య పొందికే ఇంకా కుదరలేదు అన్నది ఒక వాదన. 1995లో ఎమెరీ, కివెల్సన్ ఈ దారి చూపించారు. మన గోవిందరాజస్వామి తేరు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది, మోకు మీద అందరి చేతులూ పడ్డా ఒక్కసారిగా లాగేదాకా తేరు కదలదు.

వాదన అందంగా ఉంది, కానీ కథంతా అదేనంటే నేను ఒప్పుకోలేను. 2016లో ఫ్రాన్స్‌లోని టూలూస్‌లో 88 టెస్లాల దాకా అయస్కాంత క్షేత్రం పెట్టి, సూపర్‌కండక్టివిటీని అణిచేసి, హాల్ ఎఫెక్ట్ (ప్రవాహానికి అడ్డంగా పుట్టే వోల్టేజి, కరెంటు మోసే క్యారియర్లు ఎన్నో దీన్నిబట్టి తెలుస్తుంది) కొలిచారు. డోపింగ్ p (రాగి పరమాణువుకి సగటున ఎన్ని ఎలక్ట్రాన్లు తీసేశామన్నది) సుమారు 0.19 ఉన్నచోట రాగి పరమాణువుకి 1+p చొప్పున ఉండాల్సిన క్యారియర్లు, డోపింగ్ అక్కణ్ణించి కాస్త తగ్గించేసరికి p దాకా పడిపోయాయి. సూపర్‌కండక్టివిటీ పోయినా ఆ ఒక్కటీ తిరిగి రాలేదు! డోపింగే లేని మాట్ ఇన్సులేటర్‌లో పరస్పర వికర్షణ వల్ల కదలకుండా నిలిచిపోయేది కూడా పరమాణువుకి ఒక ఎలక్ట్రానే. సూడోగ్యాప్ వేళ్లు ఆ వికర్షణలోనే ఉన్నాయని నా నమ్మకం. 2012లో ఎక్స్‌రేలతో పట్టుకున్న చార్జ్ ఆర్డర్ (ఎలక్ట్రాన్ల సాంద్రత అలలుగా సర్దుకోవడం) సూడోగ్యాప్ కంటే కింది ఉష్ణోగ్రతలో మొదలవుతుంది కాబట్టి అది కారణమయ్యే అవకాశం తక్కువ.

"మరి సూడోగ్యాప్ ఉన్నచోట మాట్ ఇన్సులేటర్‌లోలాగ అయస్కాంత క్రమం లేదు కదా సార్, చాపాలెలా తెగుతాయి?" అని ఒకమ్మాయి అడిగింది. అసలు చిక్కుముడి అదే. నాలుగు సైట్ల హబ్బార్డ్ మోడల్‌ని (ఎలక్ట్రాన్ల గెంతుల్నీ, వాటి వికర్షణనీ కలిపి చూసే సరళమైన నమూనాని) ముందు చేత్తోనే కట్టి చూద్దామన్నాను, ఈ ఆదివారం మొదలుపెడుతున్నాం.