టైఫాయిడ్ కాదు, టైఫస్

దసరా సెలవులకు దేవరకొండ దగ్గర మా అత్తగారి ఊరికి పోయాం. బావమరిది గొర్లమంద దగ్గర ఉండే కుక్క చెవుల నిండా గోమార్లే. రక్తం తాగి ఆముదాల గింజల్లా ఉబ్బి ఉన్నాయి. ఊరికే ఉండలేక అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే పీకి, బొటనవేళ్ల గోళ్ల మధ్య టప్‌మని చిదిమాను. చేతికి అంటిన రక్తం లుంగీకి తుడుచుకున్నాను.

నల్లగొండకు తిరిగొచ్చాక, వారం తిరిగేసరికి 103 జ్వరం. కళ్లు తెరవలేనంత తలనొప్పి, పిక్కల్లో లాగుడు. వైడాల్ అనే రక్తపరీక్ష కొంచెం పాజిటివ్, అంతే, టైఫాయిడ్ అన్నారు. నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. జ్వరం దిగలేదు. ప్లేట్‌లెట్లు 95 వేలకు పడితే డెంగీ అనుకున్నారు, ఆ టెస్టు నెగెటివ్. అయినా అత్తమ్మ బొప్పాయి ఆకు రసం తాగించకుండా వదలలేదు. ఆ చేదు ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఐదో రోజు మణికట్ల దగ్గర ఎర్రటి మచ్చలు లేచాయి. ఇంజెక్షన్ పడలేదని అలర్జీ గోళీ ఇచ్చారు. తెల్లారేసరికి మచ్చలు అరచేతుల్లోకి దిగాయి.

అప్పుడు ఇంకో డాక్టర్ దగ్గరికి పోయాం. పెద్దాయన. ఫైల్ పక్కన పెట్టి ముందు నా చేతులు తిప్పి చూశారు, తర్వాత చెప్పులు విప్పమన్నారు. అరికాళ్లలోనూ ఉన్నాయి, నేనే చూసుకోలేదు. "ఇంట్లో కుక్క ఉందా? పశువులు?" లేవన్నాను. పక్కనుంచి నా భార్య అందుకుంది: "దేవరకొండల కుక్కకు గోమార్లు పీకిన్రు కద!"

అయితే ఇది టైఫాయిడ్ కాదు, గోమార్ల నుంచి వచ్చే టైఫస్ అన్నారు. పురుగు కుట్టిన చోట ఏర్పడే నల్లటి పొక్కు కోసం చంకలు, గజ్జలు, తల వెంట్రుకల్లో కూడా వెతికారు. దొరకలేదు. పొదల్లో ఉండే సన్నటి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌లో అది ఎక్కువగా కనిపిస్తుందట, ఈ గోమారి జ్వరంలో చాలామందికి ఉండదట. రికెట్సియా అనే బ్యాక్టీరియా రక్తనాళాల లోపలి కణాల్లో దూరి ఉంటుంది, అందుకే సెఫ్ట్రియాక్సోన్ దాని మీద పనిచేయదు. టైఫస్ కోసం చేసే వీల్-ఫెలిక్స్ టెస్టుకు రక్తం తీయించారు కానీ, "మొదటి వారంలో ఇది తేలకపోవచ్చు, రిపోర్టు కోసం ఆగొద్దు" అని డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు.

రెండో రోజు సాయంత్రానికి చెమటలు పట్టి జ్వరం దిగింది. ఆకలేసింది కూడా. తర్వాతి వారం రెండోసారి తీసిన రక్తంలో, ఆ టెస్టులో చూసే ఓఎక్స్-19, ఓఎక్స్-2 అనే లెక్కలు బాగా పెరిగి కనిపించాయి. స్క్రబ్ అయితే ఓఎక్స్-కె పెరిగేదట. ల్యాబులో పిల్లాడు మాత్రం బిల్లు మీద మళ్లీ టైఫాయిడ్ అనే రాశాడు.

బావమరిదికి ఫోన్ చేసి, గోమార్లను చేత్తో చిదమొద్దు, గ్యాసునూనె పొయ్యొద్దు, చిమ్టాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగు, పశువుల డాక్టర్‌తో కుక్కకు మందు పెట్టించు అని చెప్పాను. నవ్వాడు. "పుట్టినకాన్నుంచి పీకుతున్న బావా, నాకేం కాలే."

ఆ కుక్క మీద పడి ఆడుకునే వాళ్ల చిన్నదాని అరచేతుల ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాను. పెట్టాడు. బతుకమ్మకు పెట్టుకున్న గోరింటాకు వెలిసిపోతోంది, మచ్చలేం లేవు.