మోటార్‌హోమ్ ఫ్రిజ్: లీటర్ల కన్నా ముందు వైరు చూడాలి

మా మేనల్లుడు ఒక పాత మినీ బస్సు కొని మోటార్‌హోమ్‌గా మార్పిస్తున్నాడు. మంచాలు, సింకు, కిటికీలకు దోమతెరలు అన్నీ వాడే చూసుకున్నాడు. ఫ్రిజ్ మాత్రం నా నెత్తిన పెట్టాడు. నేను ఆర్టీసీ గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి కదా, ఇంట్లో ఉచితంగా దొరికే సలహా. "మామా, ఎన్ని లీటర్లది తీసుకోమంటావ్?" అన్నాడు. లీటర్లు తర్వాత చూద్దాం, కరెంటు యాడి నుంచి తెస్తావో ముందు అది చెప్పరా అన్నాను.

వాడికి ఫ్రిజ్ షోకు కాదు. మా అక్క, అంటే వాడి అమ్మ, ఇన్సులిన్ తీసుకుంటుంది. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందంటే ఇక పారేయాల్సిందే, కరిగిందని మళ్ళీ వాడకూడదు. దానికి తోడు అక్కకు పూటపూటకూ పెరుగు ఉండాలి, అదీ ఇంట్లో తోడు వేసిందే. తలకోనకు పోయినా, కాణిపాకం పోయి రాత్రికి అక్కడే ఆగినా ఈ రెండూ చెడకూడదు. కాబట్టి తెల్లారి మూడు గంటలకు బ్యాటరీ దిగిపోయి ఆగిపోయే ఫ్రిజ్ వాడికి పనికిరాదు.

వాడు వీడియోల్లో చూసి మొదట అడిగింది గ్యాస్ ఫ్రిజ్. విదేశీ మోటార్‌హోమ్‌లలో ఇది చాలాకాలంగా ఉంది. 1922లో స్టాక్‌హోంలో ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి. కంప్రెసర్ ఉండదు, చప్పుడు ఉండదు. లోపల అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ ఉంటాయి. కింద వేడి పెడితే అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి, తిరిగి కిందికి జారుతుంది. గ్యాస్ మంటతోనైనా, బ్యాటరీతోనైనా, ఇంటి కరెంటుతోనైనా ఆ వేడి పుట్టించవచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే ఆ జారడమంతా భూమ్యాకర్షణ మీదే నడుస్తుంది కాబట్టి బండి సమంగా నిలబడి ఉండాలి. ఏటవాలుగా గంటల తరబడి నిలిపితే ద్రవం వెనక్కి జారక, కింద బాయిలర్ ఊరికే కాలిపోతుంది. మనవైపు కొండల దగ్గర పార్కింగులు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. పైగా బయట 40 డిగ్రీలు దాటితే ఈ ఫ్రిజ్‌కు చల్లబరిచే శక్తే తగ్గిపోతుంది. బ్యాటరీ మీద పెడితే ఆపకుండా 10 ఆంపియర్లు, ఒక్కోటి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. అన్నిటికీ మించి, వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, బండి ఫ్లోరు మీదే పరుచుకుంటుంది. పడుకునే చోట, మూసిన బండిలో, రాత్రంతా ఒక మంట వెలుగుతూ ఉండటం, దాన్ని ఆర్పడం మరిచి డీజిల్ బంకులోకి పోవడం... ఆ టెన్షన్ మనకెందుకు? వద్దన్నాను.

రెండోది చవకగా వచ్చే కూలర్ బాక్సు. కారులో సాకెట్‌కు తగిలించేది, లోపల చిన్న ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. అది బయటి వేడి కన్నా సుమారు 20 డిగ్రీలే తగ్గించగలదు. రోహిణి కార్తెలో రేణిగుంట దగ్గర 42 ఉందనుకోండి, లోపల 22 ఉంటుంది. ఆ వేడిలో పెరుగు పులుస్తుంది, ఇన్సులిన్ సంగతి సరేసరి. ఇంత చేసి 4, 5 ఆంపియర్లు రోజంతా తింటూనే ఉంటుంది.

ఇక మిగిలినవి ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద నడపడం, లేదా నేరుగా 12, 24 వోల్టుల మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్. ఇంటి ఫ్రిజ్ చవక, ఏ ఊళ్ళోనైనా రిపేరు చేసేవాళ్ళు దొరుకుతారు. దాని మీద ఉండే స్టార్ లేబుల్‌పై ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. దాన్ని 365తో భాగిస్తే రోజు లెక్క వస్తుంది, మన ఎండకు ఇంకొంచెం కలుపుకోవాలి. చాలామంది మరిచేది ఇన్వర్టర్ తినే భాగం. ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్నందుకే అది 15 వాట్లు తిన్నా, రోజుకు 360 వాట్ అవర్లు పోయినట్టే. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ చాలదు, అదీ ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే ఇంటి కరెంటులాంటి నున్నటి కరెంటు ఇచ్చేదే కావాలి. పెద్ద కుటుంబం, పెద్ద బ్యాటరీ ఉన్నవాళ్ళు ఇలా పోవచ్చు, తప్పులేదు. ముగ్గురు మనుషులున్న బండికి నేరుగా డీసీ మీద, అంటే బ్యాటరీ కరెంటు మీద నడిచే 50 లీటర్లదే మేలన్నాను. ధర ఎక్కువే, నాకూ తెలుసు. మూత పైకి తెరుచుకునే పెట్టె రకం తీసుకోమన్నాను. తెరిచినప్పుడు చల్లగాలి కిందే ఉండిపోతుంది, భాకరాపేట ఘాట్ మలుపుల్లో తలుపు తెరుచుకుని పాలు దొర్లే గోల కూడా ఉండదు.

నేను లెక్క ఆంపియర్లలో వేయను, యూనిట్లలో వేస్తాను. కరెంటు బిల్లు చూసే ప్రతి ఇంట్లోనూ అర్థమవుతుంది. ఈ ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 50 వాట్లు. ఎండాకాలంలో రోజులో 60 శాతం సేపు నడిచిందనుకుంటే 720 వాట్ అవర్లు, అంటే ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ. రాత్రి 30 వాట్ల ఫ్యాను 10 గంటలు తిరిగితే 300. మొత్తం రోజుకు ఒక యూనిట్ చిల్లర. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 25.6 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లది తీసుకుంటే రెండున్నర యూనిట్లు పడుతుంది. 80 శాతమే వాడుకున్నా బండి కదలకుండా రెండు రోజులు. మామూలు లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి దించకూడదు, దించితే ఆయుష్షు పడిపోతుంది. పైన 330 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి వేస్తే, మంచి ఎండ ఉన్నరోజు ఇంచుమించు ఒక యూనిట్ వెనక్కి వస్తుంది. అయితే నీడ చూసుకుని చెట్టుకింద ఆపితే రాదు. ఎండలో ఆపితే మనుషులు ఉడికిపోతారు. ఏది కావాలో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి.

బ్యాటరీని ఎక్కడ పెడతామన్నది కూడా చూసుకోవాలి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు చాలావాటికి చార్జింగ్ 45 డిగ్రీల లోపే చేయాలి, అది దాటితే లోపల బ్యాటరీని కాపాడే బోర్డు (బీఎంఎస్) చార్జింగ్ ఆపేస్తుంది. మే నెలలో అద్దాలు మూసి ఆపిన బండిలో వేడి అంతకు మించే ఉంటుంది. ఇంజన్ పక్కన, వెనక అద్దం కింద పెట్టొద్దు.

ఇంతకీ, వాడు నా దగ్గరికి వచ్చేలోపే ఒక షాపులో ట్రయల్ కోసమని ఒక డీసీ ఫ్రిజ్‌కు కనెక్షన్ ఇప్పించుకున్నాడు. బండి మా బైరాగిపట్టెడ ఇంటి ముందు ఆపి, సీటు కింద రేకు విప్పి చూశాను. ఆ మినీ బస్సు 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. ఆ షాపువాళ్ళు వాటిలో ఒక్కదాని నుంచే 12 వోల్టులు తీసి ఫ్రిజ్‌కు ఇచ్చారు. టేప్ రికార్డర్ల కాలం నుంచీ బస్సుల్లో ఈ పని చూస్తూనే ఉన్నాను. ఒక బ్యాటరీ దిగుతుంది, రెండోది నిండుగానే ఉంటుంది. ఇంజన్ మీదుండే ఆల్టర్నేటర్ రెండింటినీ కలిపి చార్జ్ చేసేసరికి నిండుగా ఉన్నది ఉడుకుతుంది, దిగినది ఎప్పటికీ నిండదు. కొంతకాలానికి రెండూ పోతాయి. ఆ ఫ్రిజ్ 24 మీద కూడా నడిచేదే, లేబుల్ చదివితే సరిపోయేది.

ఇక వైరు. పైన 1.5 స్క్వేర్ ఎంఎం అని అచ్చు ఉంది. ఒక కొస బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత. వాడు నా చేతిలోంచి లాక్కుని ఇంకో పోగు గీకి చూసుకున్నాడు, అదీ తెలుపే. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 6 మీటర్లు, పోనూ రానూ 12. అసలు రాగి వైరైనా 5 ఆంపియర్లకు 0.7 వోల్టులు దారిలోనే పోతాయి, ఈ పూత వైరులో ఒక వోల్టు దాటుతుంది. బ్యాటరీ 12.4 ఉన్నా ఫ్రిజ్‌కు 11.3 అందుతుంది. స్టార్టింగ్‌లో ఇంకా పడుతుంది. బ్యాటరీ మరీ దిగకుండా ఫ్రిజ్‌ను ఆపే కటాఫ్ సెట్టింగు హై మీద ఉంటే చాలా ఫ్రిజ్‌లు 11 చుట్టుపక్కలే ఆగిపోతాయి. "ఫ్రిజ్ రాత్రి పూట దానంతటదే ఆగిపోతోంది మామా, మాల్ ఫాల్ట్" అని వాడు అన్నది దీని గురించే. ఫ్రిజ్ శుభ్రంగా ఉంది.

ఆ వైరు చివర సిగరెట్ లైటర్ ప్లగ్గు. బయటికి లాగితే మధ్య సూది చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, కాస్త మెత్తబడి ఉంది. కుదుపులకు ఆ సూది వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. ఫోన్ చార్జింగ్‌కు సరే, రోజంతా నడిచే వస్తువుకు అది పనికిరాదు.

ఇప్పుడు చేయించింది వేరు. ఫ్రిజ్‌కు, ఫ్యాన్లకు విడి బ్యాటరీ. ఇంజన్ బ్యాటరీలను దాని జోలికి రానివ్వకుండా మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ (ఇంజన్ వైపు కరెంటుతో విడి బ్యాటరీని నింపే పెట్టె), ఇంజన్ నడుస్తున్నప్పుడే పనిచేసేలా. ఫ్రిజ్ దాకా 4 స్క్వేర్ ఎంఎం అసలు రాగి వైరు, ప్లస్సూ మైనస్సూ రెండూ విడిగా, బాడీని మైనస్‌గా వాడకుండా. 24 మీద ఆంపియర్లు సగమవుతాయి కాబట్టి ఇది ధారాళంగా సరిపోతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గర, జానెడు లోపే. ఫ్రిజ్ దగ్గర పెడతామంటే నేను ఒప్పుకోను. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడ రాసుకున్నా ఆపే దిక్కు ఉండదు. వైరు రేకులోంచి దూరే ప్రతి బెజ్జానికీ రబ్బరు గ్రోమెట్ వేయించాను. రేకు అంచుకు ఒరుసుకుని ఇన్సులేషన్ చిరగడమే బండ్లలో నేను చూసిన షార్టుల్లో ఎక్కువ. వైరు కొసలకు వేసే లగ్గులు క్రింపింగ్ చేయించాలి, అంటే నొక్కి బిగించాలి. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి, కుదుపులకు దాని అంచున తెగుతుంది.

ఇంటి కరెంటుకు తగిలించే విషయం ఇంకొకటుంది. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడైనా ఫేజు బాడీకి తగిలితే, ఎర్త్ సరిగ్గా లేని చోట బాడీ అంతా కరెంటు నిలిచి ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న మనిషికే షాక్. అందుకే బండిలోకి కరెంటు వచ్చే చోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి పెట్టించాను. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడమన్నాను. సత్రాల్లో, లాడ్జీల్లో ప్లగ్గు ఇస్తామంటే ముందు ఎర్త్ చూసుకోవాలి. పొడుగు కేబుల్ చుట్ట చుట్టినట్టే వాడితే లోపల కాగిపోతుంది, మొత్తం విప్పి పరచాలి.

కార్పెంటర్‌తో మాత్రం చిన్న గొడవైంది. ఫ్రిజ్ చుట్టూ ప్లైవుడ్ కొట్టి, పైన సన్‌మైకా అంటించి, నీట్‌గా మూసేశాడు. చూడ్డానికి బాగుంది. ఆ వేడి ఎటు పోవాలి? లోపలి వేడిని తీసి బయట పారేయడమే కదా ఫ్రిజ్ చేసే పని. పారేసే చోటు మూస్తే అది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, నా 60 శాతం లెక్క తప్పుతుంది. కింద ఒక జాలీ, పైన ఒక జాలీ పెట్టమన్నాను. "షో పోతుంది సార్" అన్నాడు. పోనీలే అన్నాను.

వాడుకలో అక్కకు చెప్పినవి: బయల్దేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను చల్లబరచాలి, సామాను కూడా ఇంట్లో చల్లబడ్డాకే సర్దాలి. వేడి రసం గిన్నె అందులో పెట్టొద్దు. ఇన్సులిన్ డబ్బా అడుగున, గోడకు ఆనించి పెట్టొద్దు, అక్కడే గడ్డకట్టేది. పై బుట్టలో, పక్కన ఒక చిన్న థర్మామీటర్‌తో ఉండాలి. డిస్‌ప్లేలో అంకెను నమ్మొద్దు, అది సెన్సార్ ఉన్న చోటి వేడే చూపిస్తుంది. అక్క అన్నీ విని, "పెరుగు గిన్నెకు చోటుందా లేదా అది చెప్పు" అంది.

ఇంకా బండి కాగితాల పని ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చుకోవడం కుదరదు కాబట్టి, సీట్లు తీసి మంచాలు వేసిన సంగతి ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్స్‌వాళ్ళ దగ్గరా తేల్చుకోమన్నాను. పై జాలీ కోయడం మిగిలింది. వచ్చే ఆదివారం కార్పెంటర్ వస్తానన్నాడు. మేనల్లుడేమో ఇప్పుడు ఏసీ అంటున్నాడు.