నిక్ స్కెల్టన్ గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా

షో జంపింగ్ అంటే గుర్రం మీద కర్రల అడ్డంకులు దూకే ఆట, కర్ర పడితే పెనాల్టీ. 2000 సెప్టెంబర్‌లో అలాంటి ఒక షోలో గుర్రం మీంచి పడి బ్రిటన్ రైడర్ నిక్ స్కెల్టన్‌కి మెడ రెండు చోట్ల విరిగింది. వయసు 42, ఇంకోసారి పడితే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టర్లు, 2001లో రిటైర్మెంట్ చెప్పేశారు. అక్కడితో ఆగిపోయినా ఆయనది గొప్ప కెరీరే. 1978లో లండన్ ఒలింపియా షోలో లాస్టిక్ అనే గుర్రం మీద 7 అడుగుల 7 అంగుళాల పైన ఎత్తు దూకారు, అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, గుర్రం మీద హై జంప్‌లో బ్రిటన్ రికార్డు ఇప్పటికీ అదే. ఇంగ్లండ్‌లో పేరున్న షో జంపింగ్ పోటీ హిక్‌స్టెడ్ డెర్బీ కూడా 1987 నుంచి వరసగా మూడేళ్లు గెలిచారు.

కానీ జర్మనీలో ఒక డాక్టర్ చూసి మెడ బాగానే అతుక్కుంది, ఎక్కొచ్చు అనేసరికి 2002లో మళ్లీ గుర్రమెక్కేశారు!

తర్వాత వచ్చింది బిగ్ స్టార్. 2003లో పుట్టిన స్టాలియన్, అంటే మగ గుర్రం, ఎంత ఎత్తు కర్ర పెట్టినా దాని మీద ఇంకా బోలెడంత ఖాళీ మిగిల్చి దూకేది, చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ టీమ్‌కి 60 ఏళ్ల తర్వాత గోల్డ్ వచ్చింది దీంతోనే, ఇండివిడ్యువల్‌లో మాత్రం చివరి రౌండ్‌లో ఒకే ఒక్క కర్ర పడి మెడల్ పోయింది. 2013లో జర్మనీలో జరిగే పెద్ద పోటీ ఆహెన్ గ్రాండ్ ప్రీ గెలిచారు, ఆ తర్వాత గుర్రానికి గాయం, కోలుకుని వస్తే మళ్లీ గాయం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. తుంటి ఎముక మార్పించుకున్న మనిషి, అరవైకి దగ్గర పడుతున్నారు, టైమ్ లేనిది గుర్రానికి కాదు ఆయనకి, అయినా తొందరపడి గుర్రాన్ని పోటీలోకి దించలేదు, పూర్తిగా నయమయ్యేదాకా ఆగారు, రియో ఒలింపిక్స్ ముందు కూడా లెక్కగా కొన్ని షోలే ఆడించారు.

2016 రియో ఫైనల్‌లో ఆరుగురు ఒక్క కర్ర కూడా పడకుండా వచ్చారు కాబట్టి జంప్ ఆఫ్, అంటే చిన్న కోర్సు, కర్రలు పడకుండా ఎవరు ఫాస్ట్‌గా వస్తే వాళ్లదే గోల్డ్. స్కెల్టన్ ఫస్ట్ వెళ్లాలి. ఫస్ట్ వెళ్లేవాళ్లకి ఎంత స్పీడ్ సరిపోతుందో తెలీదు, బాగా రిస్క్ తీసుకుంటే కర్ర పడుద్ది, తగ్గితే వెనకొచ్చేవాళ్లు కొట్టేస్తారు. ఆయన మలుపులు దగ్గరగా తిప్పారు, గుర్రాన్ని మాత్రం ఎక్కడా గుంజలేదు, 42.82 సెకన్లు, అన్నీ క్లియర్. ఇంక మిగతా ఐదుగురినీ చూస్తూ ఉండటమే. స్వీడన్ ఫ్రెడ్రిక్సన్ క్లియర్‌గానే వచ్చాడు కానీ 43.35, కెనడా లమేజ్ 42.09తో ఇంకా ఫాస్ట్, కానీ ఒక కర్ర పడింది. అంతే, 58 ఏళ్ల వయసులో, ఏడో ఒలింపిక్స్‌లో గోల్డ్, షో జంపింగ్‌లో బ్రిటన్‌కి అదే మొట్టమొదటి ఇండివిడ్యువల్ గోల్డ్. పోడియం మీద ఆయన ఏడుస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

2017లో విండ్సర్ షోలో ఆయనకీ బిగ్ స్టార్‌కీ కలిపే వీడ్కోలు ఇచ్చారు. పెద్ద కొడుకు డాన్ రేస్ గుర్రాల ట్రైనర్, చిన్నోడు హ్యారీ జాకీ (రేసుల్లో గుర్రాన్ని తోలేవాడు), 2021లో బ్రిటన్ జంప్ రేసుల్లో, అంటే అడ్డంకులు దూకుతూ పరిగెత్తే రేసుల్లో, చాంపియన్ జాకీ కూడా అయ్యాడు, వాళ్ల రేసులు కూడా ఫాలో అవడం మొదలుపెట్టా.