పేరు లేని డయల్: డెక్ వాచీ నమూనాను విశాఖ గాలిలో బిగించడం

పాతకాలపు ఓడల్లో అసలు క్రోనోమీటరును, అంటే సముద్రంలో దారి లెక్కకు వాడే కచ్చితమైన గడియారాన్ని, దాని పెట్టెలోంచి కదిపేవారు కాదు. దాన్ని చూసి సరిచేసుకున్న ఇంకో గడియారాన్ని చేత్తో పట్టుకుని పైకి, నక్షత్రాల ఎత్తు కొలిచే చోటికి తీసుకెళ్లేవారు. అదే డెక్ వాచీ. తెల్ల డయల్, నల్ల అంకెలు, నీలం ముళ్ళు, ఆరు దగ్గర చిన్న సెకన్ల వలయం, అంతే. ఆ రూపంలో చేతి వాచీ బిగించుకోవడానికి విశాఖను మించిన ఊరు లేదనిపిస్తుంది. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన అల్లుడు నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడినుంచే గమనించారు.

ముందుగా ఒక మాట. డయల్ మీద ఏ కంపెనీ పేరూ, గుర్తూ ఉండకూడదు. పాత రూపాన్ని అనుసరించడం వేరు, ఒకరి పేరు అచ్చేసుకోవడం వేరు. రెండోది 1999 ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నేరం, అమ్మకపోయినా అబద్ధమే. పేరు లేని డయళ్ళు మామూలుగానే దొరుకుతాయి, చూడటానికీ అవే బాగుంటాయి.

ఈ నమూనాకు సరిపడే మెషిన్ 6498 అనే స్విస్ నంబరుది. ఇది జేబు గడియారాల కాలం నాటి డిజైను. వ్యాసం 36.6 మి.మీ., మందం 4.5 మి.మీ., చేత్తో కీ ఇవ్వాలి, సెకన్లు ఆరు దగ్గర. దీని జంట 6497లో సెకన్లు తొమ్మిది దగ్గర వస్తాయి. కొనేటప్పుడు ఈ ఒక్క అంకె తప్పితే డయల్ పనికిరాదు. చైనా సీగల్ కంపెనీ ఇదే డిజైను మీద చేసేది ఎస్‌టీ3620. అది గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, పాత స్విస్ 6498-1 అయితే 18,000. మొదటిసారి బిగించేవాళ్ళకు సీగల్ చాలు. భాగాలు పెద్దవి, చవక, పాడుచేసుకున్నా గుండె ఆగదు. కేసు సాధారణంగా 44 మి.మీ., దానికి డయల్ 38.9 మి.మీ. కేసు 316ఎల్ స్టీలుదే తీసుకోండి. ఇత్తడి మీద పూత పూసిన కేసు మన చెమటకూ ఉప్పుగాలికీ ఎక్కువకాలం నిలవదు. ముందు బెల్టు కొక్కేల దగ్గర, తరవాత వెనక మూత అంచున పూత లేస్తుంది.

ముళ్ళ దగ్గర తొందరపడకూడదు. రంగు పూసిన నీలం ముళ్ళకూ, నిప్పు మీద నీలం తెచ్చిన స్టీలు ముళ్ళకూ తేడా దూరంనుంచే తెలుస్తుంది. పూసినవి ఏ కోణంలో చూసినా ఒకటే నీలం. కాల్చినవి నీడలో నల్లగా ఉండి, వెలుగు పడగానే నెమలికంఠంలా మెరుస్తాయి. ఈ పని ఇంట్లో చేయొచ్చు. మొదట ముల్లుకు అయస్కాంతం చూపించండి. అంటుకోకపోతే అది ఇత్తడి, ఎంత కాల్చినా నీలం రాదు. అంటుకుంటే పాత పూత పూర్తిగా గీకి, 1,000 నుంచి 2,000 నంబరు దాకా నీళ్ళ కాగితంతో ఒకే దిశలో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. ఆ తరవాత వేలు తగలకూడదు. వేలిముద్ర పడ్డచోట మచ్చ అలాగే తేలుతుంది.

చిన్న ఇత్తడి గిన్నెలో అంగుళం మందాన ఇత్తడి రజను పోసి, ముల్లును దానిమీద పడుకోబెట్టి, కింద స్పిరిట్ దీపం పెట్టాలి. రజను కోసం గాజువాక ఆటోనగర్‌లో లేతు పనివాళ్ళని అడిగితే సరిపోతుంది. కాకపోతే నూనె అంటి ఉంటుంది కాబట్టి ముందు కడిగి ఆరబెట్టాలి. మంటను నేరుగా ముల్లుకు తగిలిస్తే సన్నని కొస ఒక రంగు, మొదలు ఒక రంగు వస్తాయి. వేడిని సమంగా పంచడానికే రజను. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు మొదలై, గోధుమ రంగులోకి, 280 దగ్గర వంకాయ రంగులోకి తిరిగి, 290 నుంచి 310 మధ్య నీలం వస్తుంది. వంకాయ రంగు నుంచి నీలానికి కొన్ని క్షణాలే. అప్పుడు పట్టకారుతో తీసి చల్లటి ఇనుప పలక మీద పెట్టాలి. ఆలస్యమైతే లేత నీలమై, బూడిద రంగులో ఆగుతుంది. అప్పుడూ ముల్లు చెడినట్టు కాదు. మళ్ళీ రుద్ది తెల్లగా చేసి మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. మూడు ముళ్ళూ ఒకే నీలంలో కావాలంటే ఒకేసారి కాల్చకండి. సెకన్ల ముల్లు అన్నిటికంటే ముందు రంగు తిరుగుతుంది.

డయల్ కాళ్ళు రెండూ మెషిన్ రంధ్రాల్లో దిగాక పక్క మరలు బిగించండి. ముళ్ళు నొక్కేటప్పుడు మెషిన్ కింద హోల్డరు ఆనుకుని ఉండాలి. గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ పన్నెండు మీద. చిన్న సెకన్ల ముల్లు వీలైనంత కిందికి, డయల్‌కు మాత్రం తగలకుండా. గంటల ముల్లు దానిమీదుగా వెళ్ళాలి కదా. చాలా వాచీలు రోజూ ఆరుంబావు, ఆరున్నర ప్రాంతంలో ఆగిపోవడానికి కారణం మెషిన్ కాదు, ఈ రెండు ముళ్ళ రాపిడే. మూత పెట్టేముందు పన్నెండు గంటలూ చేత్తో తిప్పి, పక్కనుంచి భూతద్దంతో చూడండి.

స్టెమ్ (బయటి కీ బొత్తాన్ని మెషిన్‌కు కలిపే సన్నటి కడ్డీ) కోయడం మీదే వాచీ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. మెషిన్ బాగున్నా, స్టెమ్ పొడవు తప్పితే లోపలికి తేమ దిగి వాచీ పోతుంది. కోయని స్టెమ్‌కి క్రౌన్, అంటే ఆ కీ బొత్తం, బిగించి (6498కి మర 1.2 మి.మీ., క్రౌన్ అదే మరదై ఉండాలి) లోపలికి పూర్తిగా నెట్టి, కేసుకూ క్రౌన్‌కూ మధ్య ఖాళీ కాలిపర్‌తో కొలవండి. కొలిచిన దానికంటే 0.2 మి.మీ. తక్కువే కోయండి. మిగతాది ఆకురాయితో, పెట్టి చూస్తూ. పొడవు మిగిలితే క్రౌన్ లోపలి రబ్బరు వాషర్ కేసు గొట్టాన్ని సరిగా పట్టదు. పొట్టిదైతే స్టెమ్ చివరిదాకా దిగకముందే క్రౌన్ కేసుకు తగిలి, కీ ఇవ్వబోతే ముళ్ళు కదులుతాయి. రెండు స్టెమ్‌లు కొనిపెట్టుకోవడం మంచిది. స్టెమ్ బయటికి తీసేటప్పుడు దాన్ని పట్టి ఉంచే సెట్టింగ్ లివర్ మరను ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర చుట్టు వదులు చేయాలి. అంతకుమించితే లివర్ డయల్ వైపు జారిపోతుంది, మళ్ళీ ముళ్ళూ డయలూ ఊడదీయాలి.

ఇక మన ఊరి సమస్య. మే నెలలో 34 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న గాలిలో మూత బిగిస్తే, ఆ గాలే లోపల ఉండిపోతుంది. దానిలో తేమ దాదాపు 29 డిగ్రీల దగ్గరే నీటిబొట్లవుతుంది. వాచీ పెట్టుకుని ఏసీ గదిలోకి వెళ్ళగానే అద్దం లోపల మబ్బు. వాషర్ పోయిందనుకుంటారు, అది పోలేదు. అదే ఏసీ గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర బిగిస్తే బొట్టు కట్టేది 13 డిగ్రీలకు. కాబట్టి కేసు, అద్దం, మెషిన్ అన్నీ రాత్రంతా సిలికా జెల్ డబ్బాలో ఉంచి, పొద్దున ఏసీ గదిలో, ఫ్యాను ఆపి బిగించండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ కూడా మూయాలి. అక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. వాషర్‌కు సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత చాలు. ఎక్కువైతే నలిగి బయటికి వచ్చి దుమ్ము పడుతుంది.

బిగించాక పరీక్ష సులువు. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, అద్దం మీద గది వేడిమిలోని నీటిచుక్క ఒకటి వేసి, నిమిషం ఆగి తుడవండి. లోపల మబ్బు పడితే తేమ ఉన్నట్టు.

వాచీ నడక కొలిచే యంత్రం లేకపోయినా ఫోన్ మైకు, టిక్ టిక్ విని లెక్కకట్టే ఒక యాప్ చాలు. యాప్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకట్టడానికి వాడే కోణం) 44 అని పెట్టండి, లేకపోతే ఊపు, అంటే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందనే అంకె, తప్పు చూపిస్తుంది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెడితే ఊపు 270 నుంచి 310 డిగ్రీలు ఉండాలి. 220కి దిగితే నూనె ఎండిందో, మురికి పట్టిందో. వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పోతుంటే రెగ్యులేటర్ (వేగం సరిచేసే మీట) జోలికి వెళ్ళకండి. బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నటి చుట్ట, హెయిర్ స్ప్రింగ్‌కు అయస్కాంతం పట్టి చుట్లు అతుక్కుని ఉంటాయి. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. అయస్కాంతం వదిలించే డీమాగ్నటైజరు మీద ఒక్కసారి పెట్టి తీస్తే సరి.

విప్పి కడగాలంటే మొదట వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ బిగువు వదిలించాలి. క్రౌన్ వేళ్ళతో పట్టుకుని, క్లిక్ (స్ప్రింగ్ వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) పక్కకు నెట్టి, మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. బిగువు ఉండగా ప్యాలెట్ (చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ముక్క) మీది బ్రిడ్జి మర విప్పితే చక్రాల పళ్ళు పోతాయి. నూనెల్లో, వేగంగా తిరిగే చక్రాల మొనలకు మోబియస్ 9010, నెమ్మదిగా తిరిగే బరువైన వాటికి హెచ్‌పీ1300, ప్యాలెట్ రాళ్ళ ముఖానికి 9415. ప్యాలెట్ మొనలకు మాత్రం ఏదీ వేయకూడదు, పొడిగానే ఉండాలి. నాలుగైదేళ్ళకోసారి ఈ పని సరిపోతుంది. వాషర్లు మాత్రం రెండేళ్ళకు మార్చండి. వానాకాలం తోలు బెల్టు తీసేసి గుడ్డ బెల్టు వేయండి. బెల్టు మార్చినప్పుడల్లా స్ప్రింగ్ బార్లను మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. చెమట ఉప్పు అక్కడే పేరుకుని, వాటిని తుప్పు మొదట పట్టేది అందుకే.