గోడ ప్లగ్గు దగ్గర మొదలైన లిస్టు

ఆదివారం, మే రెండో వారం. నల్లగొండ.

పొద్దున పదకొండు కాకముందే కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. స్టెబిలైజర్ ముల్లు 190 దగ్గర ఊగుతోంది. ఇవాళ్టి పని ఒక్కటే. గడియారం సెంటర్ దగ్గరి ఆల్బం డిజైనింగ్ షాపుకు కొత్త సిస్టం కావాలి, పార్టులు విడిగా తెచ్చి బిగించేది. దానికి లిస్టు రాయాలి. పెళ్లి ఆల్బంలు, ఫ్లెక్సీలు, సీజన్‌లో వీడియో ఎడిటింగ్, ఇదీ అక్కడి పని. ఉన్నది ఇంటెల్ 7వ తరం మిషను. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితా ఇంటెల్‌లో, ఒకటి రెండు మోడళ్లు తప్పిస్తే, 8వ తరం నుంచే.

ఎవరు లిస్టు రాసినా మొదటి లైను ప్రాసెసరే. మన దగ్గర మాత్రం గోడకున్న ప్లగ్గు నుంచి రాసుకుంటూ రావాలి.

మీటరుతో మూడు కొలతలు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూ ఇటూ, ఫేజుకూ ఎర్తుకూ దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ రెండు మూడు వోల్టుల లోపు. ఈ మూడూ సరిగ్గా వచ్చినా పూర్తిగా నమ్మొద్దు. మీటరు లాక్కునే కరెంటు దాదాపు సున్నా, అందుకని బలహీనమైన ఎర్తు కూడా దానికి బాగానే కనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య 60 వాట్ల పాతరకం బల్బు పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే ఎర్తు ఉన్నట్టు, ఎర్రగా మినుకుమంటే పేరుకే ఉన్నట్టు.

ఎర్తు లేనప్పుడు క్యాబినెట్ అంచు తాకితే చెయ్యి జిల్లుమంటుంది. బోర్డు షార్టయిందనుకుని సిస్టం మోసుకొచ్చేవాళ్లు చాలామంది. గోడ కరెంటును సిస్టంకు కావాల్సిన చిన్న వోల్టేజీలకు మార్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాని లోపల రెండు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి ఇనుప బాడీకి కలుస్తాయి. నేలలోకి దారి లేకపోతే బాడీ 230లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. పారే కరెంటు చాలా తక్కువ, జిల్లుమనేదాకానే. కానీ సిస్టం ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ వోల్టేజీ పోర్టు మీదుగా దిగి మానిటర్‌నో బోర్డునో తినొచ్చు. మనది రాతి నేల. ఉప్పు, బొగ్గు వేసి తీసిన ఎర్తు గుంత కూడా మే నెలకు ఎండిపోయి ఉంటుంది.

రెండో లైను ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవక రకం మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంటుంది. చూడాల్సింది పక్క స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే పన్నెండు పద్నాలుగులు 168 వాట్లు, దాని బతుకంతే. నికార్సయిన 450లో ఆ గడిలో 36 దరిదాపుల్లో ఉంటుంది. అదే స్టిక్కర్‌లో ఇన్‌పుట్ లైను కూడా చదవాలి. 100 నుంచి 240 అని ఉంటే సరే. 200 నుంచి 240 అని ఉన్నది, సాయంత్రం ఏసీలూ కూలర్లూ బోరు మోటర్లూ ఒక్కసారే ఎక్కి వోల్టేజీ 170కి దిగిందంటే, రీస్టార్ట్ కొట్టే ప్రమాదం ఉంది. సేవ్ చేయని ఆల్బం పోయినట్టే. లిస్టులో 550 వాట్లది, కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది రాశాను. ఈ సిస్టం గట్టిగా లాగినా 250 దాటదు, అయినా ఎండలో సగం లోడు మీద నడిచేది ఎక్కువ కాలం ఉంటుంది.

యూపీఎస్ 1000 వీఏ, అంటే సుమారు 600 వాట్లు. 600 వీఏది 360 వాట్లే ఇస్తుంది, రెండు మానిటర్లు కలిపితే అంచున నడుస్తుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లమెట్లుగా ఉండే వేవ్ ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ, అంటే కరెంటును సమంగా లాక్కునే సర్క్యూట్, ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు అది పడదు, సరిగ్గా కరెంటు పోయిన క్షణాన ఆగిపోతాయి. అందుకే కొన్న రోజే సిస్టం మీద బరువైన పని పెట్టి, గోడ స్విచ్ తీసి చూడాలి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు దాని మీదున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌తో సిస్టంను పట్టి ఉంచేది 16 మిల్లీసెకన్ల వరకే. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతలో అందుకోలేదు.

ఇక ర్యామ్. ఇక్కడ అంచనాలు వద్దు, లెక్క కట్టొచ్చు. 12×36 అంగుళాల ఆల్బం షీటు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు: 3,600 పిక్సెళ్లు ఒకవైపు, 10,800 ఇంకోవైపు. గుణిస్తే 3 కోట్ల 88 లక్షల 80 వేలు. పిక్సెల్‌కు మూడు బైట్లు, ఒక్క లేయరు, అంటే ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర, 111 ఎంబీ. ఎనిమిది ఫోటోలు, బ్యాక్‌గ్రౌండు, మాస్కులు, పూల పీఎన్‌జీలు అన్నీ ఫుల్ సైజులో పెడితే ఒక షీటే ఒక జీబీ దాటుతుంది. రంగుకు 16 బిట్ల లెక్కన చేస్తే ఇంతకు రెట్టింపు. అన్‌డూ చేయడానికి ఫోటోషాప్ దాచుకునే మెట్లు వేరే. పది అడుగులకు ఆరడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో, నాలుగు రంగుల్లో అయితే లేయరుకు 171 ఎంబీ. నాలుగు షీట్లు తెరిచి, పక్కన బ్రౌజర్‌లో వాట్సాప్ పెట్టుకునే షాపుకు 16 జీబీ చాలదు. మిగతాదంతా స్క్రాచ్ డిస్క్ మీద, అంటే ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ వాడుకునే డిస్కు జాగా మీద పడి ఎస్‌ఎస్‌డీని అరగదీస్తుంది. 16 జీబీవి రెండు, మొత్తం 32.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి కాబట్టి పాత మిషన్‌లోని డీడీఆర్4 ర్యాములు కలిపేద్దామనిపిస్తుంది. కలిపితే అన్నీ పాతదాని 2400 వేగానికి దిగుతాయి, ఒక్కోసారి అసలు బూట్ కావు. పాతవి అమ్ముకోవడమే మేలు.

ప్రాసెసర్ ఐ5 12400, ఆరు కోర్లు. చివర ఎఫ్ ఉన్నది కొన్ని పైసలు తక్కువకే వస్తుంది, కానీ అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు అదే నష్టం. ఇప్పటి పెళ్లి కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువుండే రకంలో, హెచ్.265 వీడియో ఇవ్వగలవు. 12వ తరం ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ దాన్ని హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. ఎన్‌విడియా కార్డుల్లో ఆ సౌకర్యం 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. అంతకన్నా పాత కార్డు పెట్టి ఎఫ్ ప్రాసెసర్ కొంటే టైమ్‌లైన్ మీద వీడియో ముక్కలు ముక్కలుగా ఆడుతుంది. గ్రాఫిక్స్ కార్డు లైను ఈ లిస్టులో ఖాళీగానే ఉంచాను. కావాలంటే తర్వాత పెట్టుకోవచ్చు.

మదర్‌బోర్డు బీ760 రకం, డీడీఆర్4, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నది. హెచ్610 చవక, కానీ రెండే స్లాట్లు, ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాటు కూడా పాత 3.0 వేగమే. ఎస్‌ఎస్‌డీ ఒక టీబీ, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం. ఎం.2 ఆకారం చూసి మోసపోవద్దు, నెమ్మదిగా ఉండే సాటా రకం కూడా అదే ఆకారంలో దొరుకుతుంది, వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పూర్తయిన ఆల్బంలకు 4 టీబీ హార్డ్‌డిస్క్. మానిటర్లు పాతవే.

క్యాబినెట్ ముందు అద్దం ఉన్నది వద్దు, జాలీ ఉన్నది. గది 40 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ లోపలిని అంతకన్నా చల్లబరచలేదు. బయట పెరిగిన ప్రతి డిగ్రీ ప్రాసెసర్ మీదా పెరుగుతుంది, ఈ ప్రాసెసర్ వంద దగ్గర తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ముందు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. జాలీ వెనక ఫిల్టర్ తప్పనిసరి. పత్తి సీజన్‌లో నూగు ఆ ఫిల్టర్ మీద పొరలా పడుతుంది, పదిహేను రోజులకోసారి దులపాలి.

బిగించేటప్పుడు జరిగే తప్పుల్లో సగం కూలర్‌వే. అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకాలి, నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలల క్రమంలో నొక్కాలి, వెనక తిప్పి నాలుగూ బయటికి వచ్చాయో లేదో చూడాలి. ఒక్కటి దిగకపోయినా ఫోటోషాప్ తెరవగానే 100 డిగ్రీలు. బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత పారేయకూడదు, వారంటీకి బోర్డు పంపితే అదే అడుగుతారు. ర్యాములు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో. ఆ తర్వాత బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ర్యామును దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి.

కంప్యూటర్ పార్టులు దొరికే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లు, అందుకే బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించుకోవాలి. ట్రే ప్రాసెసర్, అంటే కంపెనీ డబ్బా లేకుండా విడిగా అమ్మేది, తీసుకుంటే నేరుగా కంపెనీ వారంటీ ఉండదు, డబ్బా ఉన్నదే కావాలి.

సాయంత్రం ఎర్తు గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయించాను. ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టి చూస్తే పొద్దున ఎర్రగా ఉన్నది ఇప్పుడు పసుపులోకి వచ్చింది. ఇంకా నిండుగా లేదు. రేపు మళ్లీ పోయాలి. అది తెల్లగా వెలిగే దాకా బస్సెక్కేది లేదు.