ఇది బిల్లు కాదు

కీమోలో ఎర్ర మందు ఇచ్చే రోజున నర్సు ముందు ఒక కప్పు నిండా ఐసుముక్కలు తెచ్చి చేతికిచ్చేది. నోరు పూయకుండా అవి చప్పరిస్తూ ఉండాలి. తర్వాత గౌను, గ్లోవ్స్ వేసుకుని లావుపాటి సిరంజి తీసుకునేది. అందులో మందు అచ్చం రోజ్‌మిల్క్ సిరప్ రంగులో ఉండేది. మందు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన పోర్టులోకి దాన్ని మెల్లగా ఎక్కించేది. అవి నాలుగు డోసులు. ఆ తర్వాత టాక్సాల్ అనే ఇంకో కీమో మందు, వారానికొకటి చొప్పున పన్నెండు.

నాకు రొమ్ము క్యాన్సరని 2023 ఆగస్టులో తెలిసింది. రెండో స్టేజి. మేముండేది డల్లాస్ పక్కన. మా ఆయనది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద భార్యకు ఇచ్చే హెచ్4, పాప రెండో తరగతి. ఒంగోలు నుంచి అమ్మ వచ్చి చారన్నం కలిపి తినిపించేది. భోజనాల బల్ల మీద ఇన్సూరెన్స్ కవర్లు పేరుకుపోతుంటే ఒకరోజు అమ్మ ఒకటి విప్పి, "ఇందులో ఏం రాశారే?" అంది. పైన పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంది. కింద ఆసుపత్రి ఇన్సూరెన్స్‌కు వేసిన 41,000 డాలర్ల అంకె. అమ్మ చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. మా పెద్దమ్మకు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగింది. పెద్ద దేశంలో ఇంతకంటే బాగా చూస్తారని అమ్మ ధైర్యంగా ఉంది, పాపం.

2024 జనవరి మధ్యలో మూడో టాక్సాల్ అయ్యాక ఫ్రెండ్ నన్ను ఇంటి దగ్గర దింపింది. పట్టపగలు మా ఆయన హాల్లో కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి లాప్‌టాప్ లాగిన్ అవట్లేదన్నాడు. నాకు అర్థమైపోయింది. వీసా ప్రకారం అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సేమో నెలాఖరుకే ఆగిపోతుంది. నాకింకా తొమ్మిది డోసులు ఉన్నాయి.

కోబ్రా అనే చట్టం కింద, ఉద్యోగం పోయినా కొన్నాళ్లు పాత ఇన్సూరెన్సే ఉంచుకోవచ్చు, కానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన ఇంకో 2 శాతం. మాకు నెలకు 2,100 డాలర్లు తేలింది. జీతం లేని ఇంట్లో ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ రాత్రి, ఎవరికి వాళ్లు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఫారం నింపాం. ఆదాయం అడిగారు, వయసు అడిగారు, సిగరెట్ తాగుతారా అని అడిగారు. క్యాన్సర్ ఉందా అని మాత్రం ఎక్కడా అడగలేదు. నేను చివరిదాకా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. అడగకపోవడానికి కారణం ఒబామా 2010 మార్చిలో సంతకం పెట్టిన చట్టం. 2014 నుంచి, ముందే జబ్బు ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వకపోవడానికి గానీ, అందుకని ఎక్కువ గుంజడానికి గానీ ఆ ప్లాన్లలో వీల్లేదు. సబ్సిడీ పోగా నెలకు 520 డాలర్లు పడింది. యాభైమంది కూడా లేని చిన్న కన్సల్టెన్సీలో మా ఆయనకు ఉద్యోగం దొరికింది. వాళ్లు ఇన్సూరెన్స్ ఇవ్వరు. అందుకే ఈ ప్లానే నన్ను గట్టెక్కించింది.

ఈ చట్టంలోని ముఖ్యమైన భాగాలనే 2017లో సెనేట్‌లో తీసేయబోతే, స్వయంగా బ్రెయిన్ క్యాన్సర్‌తో ఉన్న రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సొంత పార్టీకి ఎదురు తిరిగి, బొటనవేలు కిందికి చూపించి వద్దని ఓటేశారు. ఆ వీడియో అప్పట్లో ఫోన్‌లో చూసి పక్కన పెట్టేశాను. ఆ ఓటు నాకోసమూ పడిందని ఏడేళ్లకు గానీ తెలియలేదు. మొత్తం చట్టాన్నే కొట్టేయమని కోర్టుకు వెళ్లిన రాష్ట్రాలకు ముందు నిలబడింది మా టెక్సాసే. 2021లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది.

అలాగని ఈ చట్టం చాలదు. కొత్త ప్లాన్‌లో మా డాక్టర్ లేరు. కొత్త డాక్టర్ దొరికేలోపు ఒక వారం డోసు తప్పింది. ఆ వారమంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తర్వాత రేడియేషన్ దగ్గర ఒకావిడ పరిచయమైంది, ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునే పని. గడ్డ తగిలాక ఎనిమిది నెలలు ఆగిందట, చూపించుకోవడానికి ఇన్సూరెన్స్ లేక. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌. దాన్ని టెక్సాస్ విస్తరించలేదు. ఆమె ఆదాయం సబ్సిడీకి చాలదు, మెడికెయిడేమో ఆమెలాంటి వాళ్లకు ఇవ్వరు. నా పక్క కుర్చీలో కూర్చుని, తనది నాలుగో స్టేజి అని చెప్పింది. సెనేటర్ బెర్నీ శాండర్స్ చెప్పే "అందరికీ మెడికేర్", అంటే ముసలివాళ్లకు ఇచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ అందరికీ ఇవ్వాలన్న మాట, నాకు అప్పటిదాకా రాజకీయమే. ఆ రోజు నుంచి కాదు.

నా ట్రీట్‌మెంట్ అదే వేసవిలో పూర్తయింది. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. వేళ్ల చివర తిమ్మిరి ఇంకా ఉంది, చపాతీ పిండి కలిపితే సరిగ్గా తెలియదు. స్కాన్లన్నీ బాగున్నాయి.

2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం ప్రకారం, 2027 నుంచి హెచ్1బి, హెచ్4 వాళ్లకు ఆ సబ్సిడీ రాదు. పన్నులు మాత్రం అందరిలాగే కడతాం. నాకు 2024లో వచ్చిన కష్టం ఇంకో అమ్మాయికి అప్పుడు వస్తే 520కి దొరకదు.

మొన్న మా అపార్ట్‌మెంట్లో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, గడ్డలా తగులుతోంది. ఆయన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. కొన్నాళ్లు ఆగనా?" అంది.

ఆగొద్దన్నాను. సోమవారం తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. కారు నేనే తీస్తాను.