తంజావూరులో గుడి విమానం నీడ కొలిచాం

సంక్రాంతి సెలవులకు తంజావూరు వెళ్లాం. బృహదీశ్వరాలయం దగ్గర దింపుతూనే ఆటో అతను "ఈ గోపురం నీడ నేల మీద పడదు సార్" అన్నాడు. చిన్నప్పటి నుంచి నేనూ విన్న మాటే. పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "ఎందుకు పడదు నాన్నా? కొలిచి చూద్దాం" అంది. వాళ్లకు సరూప త్రిభుజాల పాఠం అప్పుడే అయింది.

రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన గుడి ఇది. గర్భగుడి మీది ఈ గోపురం (దీన్నే విమానం అంటారు) ఎత్తు సుమారు 216 అడుగులంటారు. మధ్యాహ్నం 12:20కి సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉన్నాడు. విమానం నీడ ఉత్తరపు గోడ దాటి ప్రాకారంలో నేల మీద నల్లగా పరుచుకుని ఉంది!

తాళంచెవి కట్టిన దారాన్ని పక్కనే వేలాడదీసి, దాని వెంబడి గొడుగును నిటారుగా నిలబెట్టాం. గొడుగు 90 సెంటీమీటర్లు, దాని నీడ 57. ఎండ అంతటా ఒకే వాలులో పడుతుంది కాబట్టి విమానానికీ అదే నిష్పత్తి. అరికాళ్లు కాలుతుంటే గోడ మొదలు నుంచి నీడ కొస దాకా టేపుతో కొలుచుకుంటూ వెళ్లాం. 26 మీటర్లు. కొస కచ్చితంగా ఎక్కడో తేల్చడమే కష్టమైంది. అంత ఎత్తు నుంచి పడే నీడకు అంచు ఉండదు, కలశం నీడ బూడిద రంగులో కలిసిపోయింది.

లెక్క కడితే 135 అడుగులే వచ్చింది. నేను టేపు తప్పు చదివానేమో అనుకున్నాను. తను నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చాలాసేపు చూసింది. "శిఖరం గోడ మీద లేదు కదా నాన్నా, గుడి మధ్యలో ఉంది. నీడలో కొంత భాగం గుడి లోపలే ఉండిపోయింది!" ఎంత గర్వంగా అనిపించిందో! వెంటనే పక్క గోడ కొలిచాం. 30 మీటర్లు. అందులో సగం, 15, కలిపితే మొత్తం 41. దాన్ని 90తో గుణించి 57తో భాగిస్తే 64.7 మీటర్లు, అంటే 212 అడుగులు. గొడుగుతో ఇంత దగ్గరికి రావడం నాకైతే అద్భుతమే.

సాయంత్రం మళ్లీ దర్శనానికి వెళ్లాం. ఆ పెద్ద లింగం ముందు చేతులు జోడించి, నా చెవిలో మెల్లగా అంది: "నాన్నా, మన 41 మీటర్లు ఇక్కడి నుంచే మొదలు."